ఆరు పళ్ళ కెమెరా

ఇప్పుడు ఇడ్లీ ప్లేటు ముందుకొస్తే దానికో ఫోటో తీసి, ఆ తర్వాతే చట్నీలో ముంచుతున్నాం గానీ, ఆ రోజుల్లో ఫోటో అంత తేలిగ్గా జరిగే పని కాదు. సెల్‌ఫోన్లలో కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటితో తీస్తే ఎంత అందగాళ్ళయినా నీళ్ళ తొట్టిలోంచి చూస్తున్నట్టు వచ్చేవాళ్ళు. రీలు కెమెరాలు బీరువా పైఅరలోకి చేరిపోయాయి. డిజిటల్ కెమెరా కొనాలంటే మాత్రం అదొక పెళ్ళి సంబంధం చూసినంత పని. పదిమందిని అడగాలి, పది రకాలుగా విచారించాలి, ఇంతా చేసి ఒకటి ఖాయం చేసుకున్నాక రెండోదే బాగుండేదేమోనని కొన్నాళ్ళు నిద్ర పాడుచేసుకోవాలి. నేను మాత్రం నిద్ర పాడుచేసుకోలేదు. ఎందుకంటే అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్ని, నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. (ఈ చివరి మాట అప్పటి నా అభిప్రాయం. తర్వాత కాలంలో దీన్ని చాలామంది సవరించారు.)

సాయంత్రం కాలేజీ అవగానే హాస్టల్‌కి వెళ్ళకుండా బ్రాడీపేటలోని నెట్ సెంటర్‌కి వెళ్ళి కూర్చునేదాన్ని. అటుపక్క ఒకడు అమెరికా వీసా ఫారాలు నింపుతుంటే, ఇటుపక్క ఇంకొకడు ఎవరితోనో చాటింగ్ చేస్తూ తనలో తాను నవ్వుకుంటుంటే, మధ్యలో నేను కెమెరాల గురించి ప్రపంచంలో ఎవరేం రాశారో అంతా చదివేదాన్ని. సెన్సరు సైజు, అపర్చరు, నాయిస్, షట్టర్ లాగ్. ఒక్క ఫోటో కూడా తీయకుండానే ఫోటోగ్రఫీ అంతా నేర్చేసుకున్నాను. స్టాఫ్ రూములో కామర్స్ మేడమ్ తన బాబు పుట్టినరోజు ఫోటోలు చూపిస్తే, "బాబు ముద్దుగా ఉన్నాడు" అనాల్సిన చోట "హైలైట్స్ ఎగిరిపోయాయి మేడమ్" అన్నాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి నా లెక్కలో రెండు మిగిలాయి. మొదటిది బస్టాండు దగ్గర షాపులో అద్దాల వెనక కూర్చున్న కొత్త సూపర్‌జూమ్. చేతిలో ఇమిడిపోయేంత చిన్నది, పద్దెనిమిది రెట్లు జూమ్, ఎనిమిది మెగాపిక్సెళ్ళు, వెనకాల ముచ్చటైన తెర. రెండోది ఫ్లాష్ భాయ్ స్టూడియోలో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్. ఆరు మెగాపిక్సెళ్ళది, పట్టుకునే చోట రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది, పైగా ఒక పొట్టి లెన్సు, ఒక పొడుగు లెన్సు. ఫ్లాష్ భాయ్ మా ఊరికి దగ్గర్లోని సెంటర్లో స్టూడియో నడిపేవాడు. పట్టపగలు ఎర్రటి ఎండలో కూడా ఫ్లాష్ కొట్టకుండా ఫోటో తీస్తే గిరాకీకి అన్యాయం చేసినట్టు బాధపడేవాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. ఆయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది అమ్మకానికి పెట్టాడు. "చుట్టుపక్కల మండలాల్లో దీని ముందు తాళి కట్టించుకోని ఆడపిల్ల లేదమ్మా" అని దాని గొప్ప చెప్పేవాడు.

ఇంత చదువు చదివింది నా సరదా కోసమే అయితే ఈ కథ నెట్ సెంటర్లోనే అయిపోయేది. అసలు సంగతి మా పెదనాన్నది. మా నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో పదో తరగతి దాకా నేను పెదనాన్న ఇంట్లోనే పెరిగాను. పెదనాన్నకి మిరప చేలు ఉన్నాయి, ఒక ట్రాక్టర్ కొన్న కొడుకు (మా అన్నయ్య) ఉన్నాడు, వీటన్నిటికంటే ఎక్కువగా ఒక జత ఒంగోలు గిత్తలు ఉన్నాయి. ఒకటి దొరగాడు, ఇంకొకటి మచ్చగాడు. లేగదూడలప్పటి నుంచి ఆయన చేతి మీద పెరిగిన జత. ఉలవలు ఉడకబెట్టి, తను తాగే పాలు వాటికి తాగించి, బండలాగుడు పందేలకి తయారుచేశాడు. ఏటా తిరునాళ్ళలో ఎడ్లజతలు పెద్ద బండని ఎంత దూరం లాగితే అంత గొప్ప. పక్కన మనుషులు కేకలేస్తూ పరిగెడతారు. మా జత కూడా బాగానే లాగేది. కాకపోతే కమిటీ వాళ్ళు ఎన్ని బహుమతులు పెడితే సరిగ్గా దాని తర్వాతి స్థానం మాది. ఒక ఏడాది బహుమతులు ఒకటి పెంచారు. మేమూ ఒక స్థానం కిందకి జరిగాం.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ఫోటోలు తీసేవాళ్ళు గెలిచిన జతల్నే షీల్డుతో నిలబెట్టి తీసేవాళ్ళు. మా జతకి ఒక్క ఫోటో లేదు. ఒకసారి ఫ్లాష్ భాయ్ జాలిపడి, బండ లాగుతుండగా తీయబోయి అలవాటు కొద్దీ ఫ్లాష్ కొట్టాడు. మచ్చగాడు బెదిరి, దొరగాణ్ణి, బండని, పెదనాన్నని కూడా వెంటపెట్టుకుని పకోడీల కొట్టులోకి వెళ్ళాడు. ఆ తర్వాత ఫ్లాష్ భాయ్ మా ఎడ్ల ఛాయలకి రాకూడదని పెదనాన్న ఆజ్ఞ. ఇప్పుడేమో పెదనాన్నకి మోకాళ్ళు అరిగిపోయాయి, బండ పక్కన పరిగెత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ట్రాక్టర్ వచ్చాక ఇంట్లో ఎడ్ల పని కూడా లేదు. ఈ ఏడు తిరునాళ్ళు అవగానే జతని అద్దంకి వైపు రైతుకి ఇచ్చేయడానికి మాట అయిపోయింది. ఆ సంక్రాంతి దాటిన ఒక ఆదివారం ఇంటికి వెళితే, పెదనాన్న పక్కన కూర్చుని, ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, నేలచూపులు చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, నువ్వేదో కెమెరా కొంటన్నావంట గదా. మనోళ్ళు బండ లాగేటప్పుడు ఒక్క ఫోటో తియ్యగలవా? నిలబెట్టి కాదు. లాగేటప్పుడు. నేను కూడా పక్కనుండాలి."

"ఒక్కటేంటి పెదనాన్నా, ఆల్బమే చేసిస్తాను" అన్నాను. ఆ ఊపులో గిత్తల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు అని కూడా అన్నట్టు గుర్తు.

అన్నయ్య సూపర్‌జూమ్ పక్షం. "అంత పెద్ద డబ్బా మెళ్ళో వేసుకుని తిరిగితే నిన్నెవడూ లెక్చరర్ అనుకోడు, ఫ్లాష్ భాయ్ అసిస్టెంట్ అనుకుంటారు" అన్నాడు. నేను పాత డీఎస్ఎల్ఆర్ పక్షం. సెన్సరు గురించి అరగంట చెప్పాను. వాడు మధ్యలో లేచి ట్రాక్టర్‌కి డీజిల్ పోయడానికి వెళ్ళిపోయాడు. పెదనాన్న మాత్రం అంతా శ్రద్ధగా విని, "మీ మాటలు నాకు తెలియవు గానీ, సరుకు చూడకుండా ఖాయం చెయ్యకూడదమ్మా" అన్నాడు. ఆ వారంలోనే ఆయన మిరపకాయల టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వచ్చాడు. పని అయ్యాక తలకి చుట్టిన కండువా విప్పి దులుపుకుని, "పద, చూద్దాం" అన్నాడు.

ముందు బస్టాండు దగ్గర షాపుకి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు సూపర్‌జూమ్ తీసి మీట నొక్కగానే లెన్సు తాబేలు తలలాగా బయటికొచ్చింది. పెదనాన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. కుర్రాడు ఎదురుగా ఉన్న లాడ్జి డాబా మీదకి జూమ్ చేసి చూపించాడు. డాబా మీద ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు, చెంప మీద సబ్బు నురగతో సహా తెర నిండా కనిపించాడు. నాక్కూడా ఒక్క క్షణం మనసు లాగింది. పెదనాన్న మాత్రం ఆ తెరలోకి, డాబా మీదకి మార్చి మార్చి చూసి, "అది సరేనయ్యా, గడ్డం గీసుకునేవాడు ఎక్కడికీ పోడు. పరిగెత్తేదాన్ని తీస్తదా?" అన్నాడు.

"ఎందుకు తీయదండీ! భేషుగ్గా తీస్తుంది."

"అయితే రా, ఆ ఆటోని తియ్యి."

కుర్రాడు రోడ్డు మీదకొచ్చి, అటునుంచి వస్తున్న ఆటోకి గురిపెట్టి మీట నొక్కాడు. కెమెరా కాసేపు ఆలోచించింది. ముందుకీ వెనక్కీ కదిలింది. తర్వాత తాపీగా చప్పుడు చేసింది. తెరలో చూస్తే ఖాళీ రోడ్డు, దాని మధ్యలో ఒక ఆవు, దూరంగా వెళ్ళిపోతున్న ఆటో పొగ. ఇంకోసారి నొక్కాడు. ఈసారి పొగ కూడా లేదు. ఆవు మాత్రం ఉంది. "ఇది నిదానస్థురాలమ్మా, మన పనికి రాదు" అని పెదనాన్న అక్కడికక్కడే తేల్చేశాడు. ఈ ఆలస్యం గురించి, అంటే షట్టర్ లాగ్ గురించి, నేను నెట్ సెంటర్లో నెల రోజులు చదివింది ఆయన ఒక్క ఆటోతో తేల్చడం నాకు కొంచెం కష్టంగా తోచింది గానీ, తీర్పు నా పక్షానే వచ్చింది కాబట్టి ఊరుకున్నాను.

సాయంత్రం బస్సు దిగి ఫ్లాష్ భాయ్ స్టూడియోకి వెళ్ళాం. పకోడీల కొట్టు సంగతి ఇద్దరికీ గుర్తుంది కాబట్టి నమస్కారాలు కొంచెం పొడిగా జరిగాయి. పెదనాన్న కెమెరాని సంతలో గిత్తని చూసినట్టే చూశాడు. ముందు చేతితో బరువు చూశాడు. వీపు నిమిరాడు. అరిగిన చోట వేలితో రాసి, "పని చేసిన ఒళ్ళే" అన్నాడు. తర్వాత, "నోరు తెరువు" అన్నాడు. ఫ్లాష్ భాయ్ ఒక్క క్షణం తన నోరే తెరవబోయి, సంగతి అర్థమై లెన్సు విప్పాడు. పెదనాన్న లోపలి అద్దంలోకి తొంగిచూసి, నా వైపు తిరిగాడు.

"దీనికెన్నంటివి?"

"ఆరు మెగాపిక్సెళ్ళు."

"ఆ షాపులోదానికి?"

"ఎనిమిది."

"ఎద్దుకి ఎనిమిది పళ్ళొచ్చాయంటే నోరు నిండినట్టే గదమ్మా, ఇంక దాని ఈడు అయిపోయినట్టే. ఆరు పళ్ళదంటే మాంచి వయసులో ఉన్నట్టు. ఇదే తీసుకో."

మెగాపిక్సెళ్ళు పళ్ళు కావని, ఇదే రెండింట్లో పాతదని చెప్పడానికి నోరు తెరిచాను. ఫ్లాష్ భాయ్ నాకంటే ముందే అందుకుని, "అదే బాబాయ్, మీకు తెలియనిదా! ఆరు పళ్ళది, అడిగితే అడిగినంత సేపు పరిగెడుతుంది" అనేశాడు. అలా ఆ కెమెరా నా చదువు వల్ల నాకు నచ్చి, పళ్ళ వల్ల పెదనాన్నకి నచ్చి, ఎవరి తెలివి వాళ్ళు మెచ్చుకుంటూ ఇంటికి తెచ్చాం. పెద్దమ్మ దానికి గుమ్మంలోనే దిష్టి తీసింది.

ఇక నా సాధన మొదలైంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి అమరావతి వెళ్ళి, కృష్ణలో మునకలేసే వాళ్ళని, ఎగిరే కొంగల్ని తీసేదాన్ని. ఆ పాత కెమెరాలకి వెనక తెర మీద ముందుగా బొమ్మ కనిపించేది కాదు. చిన్న కంతకి కన్ను ఆనించి చూడాల్సిందే, తీశాకే తెర మీద వచ్చేది. కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, టకటకా నొక్కడం బాగా అలవాటైంది. కొంగ రెక్క మీద వెలుగు ఎటు పడుతుందో కూడా చెప్పగలిగేదాన్ని. తిరునాళ్ళ నాటికి పందెం మైదానం బొమ్మ గీసి, సూర్యుడు ఎక్కడుంటాడో, బండ ఎక్కడ తిరుగుతుందో, నేను ఎక్కడ నిలబడాలో అంతా గుర్తులు పెట్టుకున్నాను. లోపం ఎక్కడైనా ఉందేమోనని రెండు సార్లు చూసుకున్నాను. ఎక్కడా లేదు.

పందెం మధ్యాహ్నం. ఉదయం నుంచి ఇంట్లో నాకు పని లేదు. పెద్దమ్మ ఊరికే ఉండనిచ్చే మనిషి కాదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కూలి వాళ్ళు సగం మంది తిరునాళ్ళకి పోయారు. "కెమెరా ఎక్కడికీ పోదులే గానీ, కాస్త తాలు ఏరి పెట్టమ్మా" అంది. (తాలు అంటే రంగు వెలిసిన కాయలు, వాటిని ఏరి వేరే పోస్తారు.) చిన్నప్పుడు చేసిన పనే కదా అని కూర్చున్నాను. ఆ ఏడు కాయలో ఘాటు బాగా ఎక్కువ. తుమ్ములు ఆగకపోతే చున్నీని ముక్కుకీ మూతికీ చుట్టుకుని, మధ్యమధ్యలో దాంతోనే చెమట తుడుచుకుంటూ ఏరాను. ఎర్ర చున్నీ. దాని మీద ఎంత కారం పడ్డా కనపడదు. పని అయ్యాక మాత్రం సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను, ఆపైన కొబ్బరినూనె రాసి మళ్ళీ కడుక్కున్నాను. మిరపకాయలు పండే ఊళ్ళో పెరిగినదాన్ని, ఆ మాత్రం జాగ్రత్త నాకు ఒకరు చెప్పాలా!

మైదానానికి వెళ్ళేసరికి జనం చెట్లెక్కి కూర్చున్నారు. బండ తిరిగే చోట అన్నయ్య ట్రాక్టర్ ట్రాలీ నిలబెట్టి ఉంది. నేను పొడుగు లెన్సు తగిలించుకుని దాని మీద ఎక్కి నిలబడ్డాను. అంత పెద్ద కెమెరాతో ఒక ఆడపిల్లని చూడటం అక్కడ చాలామందికి అదే మొదటిసారి. పందెం ఆపి నన్ను చూసేవాళ్ళు కూడా తయారయ్యారు. "ఏ పేపరమ్మా మీది?" అని ఒక ముసలాయన అడిగితే ఔననకుండా కాదనకుండా నవ్వాను. ముందు వచ్చిన రెండు జతల్ని తీసి చూసుకున్నాను. గిత్తల మెడ కింద గంగడోలు ముడతలతో సహా అద్దంలా వచ్చాయి. దూరంగా ఫ్లాష్ భాయ్, మా ఎడ్ల కంటపడకుండా షామియానా గుంజ చాటున నిలబడి, నాకు బొటనవేలు చూపించాడు.

అప్పుడు మైకులో మా జత పేరు పిలిచారు. కాడి కింద దొరగాడు, మచ్చగాడు తలలు ఆడిస్తూ వచ్చి నిలబడ్డారు. కొమ్ములకి కొత్త రంగు, మెళ్ళో పూలు. పెదనాన్న మోకాళ్ళకి గుడ్డలు కట్టుకుని, పంచె ఎగ్గట్టి, చర్నాకోల పట్టుకుని నా ట్రాలీ వైపు ఒకసారి చూశాడు. నేను చెయ్యి ఊపాను. అంతవరకు లేచిన దుమ్ముకి కెమెరా కన్ను పెట్టే చోట మసకగా అనిపించింది. లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డ ఒకటి ప్రత్యేకంగా కొన్నాను, అది హాస్టల్లో మడత నలగకుండా భద్రంగా ఉంది. చేతికందిన చున్నీ కొసతో కంతని, దాని చుట్టూ ఉన్న రబ్బరుని శుభ్రంగా, గుండ్రంగా, ఓపిగ్గా తుడిచాను. విజిల్ వేశారు. బండ కదిలింది. జనం ఒక్కసారి ఊగిపోయారు. నేను కన్ను ఆనించాను.

ముందు ఏదో నలక పడిందనుకున్నాను. తర్వాత నిప్పురవ్వ పడిందనుకున్నాను. కన్ను తీసి చున్నీతో తుడుచుకున్నాను. తుడుచుకున్నాక మంట ఇంకా ఎక్కువైంది. ఇదేదో ఆ కంటికి సంబంధించిన జబ్బు అనుకుని రెండో కన్ను ఆనించాను. అది కూడా అంటుకుంది. మళ్ళీ చున్నీతో తుడుచుకున్నాను. అప్పుడు, రెండు కళ్ళూ పూర్తిగా మూసుకుపోయాక, నా ముక్కుకి ఆ చున్నీ వాసన తగిలి, ఉదయం కల్లం కళ్ళ ముందు కనిపించింది. అప్పటికి ఇంకేమీ కనిపించడం లేదు.

ట్రాలీ మీద గంతులేస్తున్నాను. కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు. అటు బండ రాపిడి చప్పుడు దగ్గరకొస్తోంది, గిత్తల గంటలు వినిపిస్తున్నాయి, "హోయ్! హోయ్!" అని పెదనాన్న గొంతు వినిపిస్తోంది. ఆయన జీవితంలో అడిగిన ఒకే ఒక్క ఫోటో నా ముందునుంచి వెళ్ళిపోతోంది. ఆ క్షణంలో సెన్సరు లేదు, అపర్చరు లేదు. ఇంత ఏడుపు నేను ఎప్పుడూ ఏడవలేదు, అందులో సగం కారానికి, సగం భయానికి. ఇంతలో మైకాయన గొంతు మైదానమంతా మోగింది.

"మలుపు దగ్గరున్న ట్రాలీ మీద ఎర్ర చున్నీ అమ్మాయి ఏడుస్తోంది... ఎర్ర చున్నీ అమ్మాయి... వాళ్ళ తాలూకు పెద్దలు ఎవరన్నా ఉంటే వెంటనే రావలసిందిగా కమిటీ వారి మనవి!"

ఎవరో ఆయన చెవిలో ఏదో ఊదినట్టున్నారు. గొంతు మారింది. "ఇప్పుడే తెలిసింది! ఆ అమ్మాయి ఈ జత యజమాని గారి తమ్ముడి కూతురంట! ఈ గిత్తలకి ఇదే ఆఖరి పందెమంట! ఇంటి ఆడపిల్ల కన్నీరు ఆపుకోలేకపోతోంది సోదరులారా!"

జనంలో హాహాకారాలు లేచాయి. కింద ఎవరో ఆడవాళ్ళు "అయ్యో తల్లీ" అంటూ తాము కూడా మొదలుపెట్టారు. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా కెమెరాని రెండు చేతులతో ముందుకి చాచి, గంటల చప్పుడు ఎటునుంచి వస్తే అటు తిప్పి, మీట మీద వేలు తీయకుండా నొక్కిపట్టాను. కెమెరా టకటకా కొట్టుకుంటూనే ఉంది. నిజంగానే ఆరు పళ్ళది, ఎక్కడా ఆగలేదు. తర్వాత ఎవరో నన్ను కిందకి దించారు, ఎవరో సోడా కొట్టి మొహం మీద పోశారు, పెద్దమ్మ ఎక్కడినుంచో పాలు తెచ్చి కళ్ళలో పోసింది. మా జత, ఏటేటి అలవాటు తప్పకుండా, ఆఖరి బహుమతికి ఒక స్థానం కింద నిలిచింది. కానీ ఆ రోజు కమిటీ వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ పెదనాన్నకి ఒక శాలువా కప్పారు.

మర్నాడు, కళ్ళు టమాటాల్లా ఉండగా, స్టూడియోలో కూర్చుని ఒక్కో ఫోటో చూశాం. ఆకాశం. ఎవరిదో చెవి. మైకు సెట్టు స్తంభం. ఒక పుచ్చకాయ ముక్క, దాన్ని పట్టుకున్న చెయ్యి. దుమ్ము. మళ్ళీ ఆకాశం. ఫ్లాష్ భాయ్ చటుక్కున చెయ్యి ఆపి, "యా అల్లా" అన్నాడు. కొంచెం వాలుగా, తెర నిండా, దొరగాడు, మచ్చగాడు. మెడలు సాచి, ముందు కాళ్ళు మడిచి, ఒళ్ళంతా బిగించి లాగుతున్నారు. వెనక బండ కింద దుమ్ము లేస్తోంది. వాటి పక్కన గాల్లోకి ఎత్తిన చర్నాకోలతో పెదనాన్న. ఒక్క కాలు నేల మీద, ఒకటి గాల్లో. ఆయన మొహం మాత్రం ఎడ్ల వైపు లేదు. పూర్తిగా ఇటు తిరిగి, కళ్ళు పెద్దవి చేసుకుని, నన్నే చూస్తున్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి తీస్తున్నానమ్మా, ఇట్టాంటిది నా వల్ల కాలేదు. ఎట్టా తీశావు?" అన్నాడు ఫ్లాష్ భాయ్.

"అంతా యాంగిల్‌లో ఉంది భాయ్" అన్నాను.

ఆ ఫోటో పెద్దది చేయించి హాల్లో తగిలించాం. ఆ వారంలోనే జతని తోలుకుపోయారు. నేను గుంటూరులోనే ఉన్నాను. వాటిని పంపేటప్పుడు పెదనాన్న పొలం వెళ్ళిపోయాడని, చీకటి పడ్డాక గానీ ఇంటికి రాలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం ఆ ఫోటో చూసి, "ఏందయ్యా, పందెం మధ్యలో ఫోటోకి ఫోజిస్తన్నావా?" అనేవాళ్ళు. "ఫోజు కాదు. ఎడ్లని ఇచ్చేస్తన్నామని మా అమ్మాయి ఏడుస్తుంటే చూడకుండా ఎట్టా ఉండను?" అని పెదనాన్న జవాబు. పక్కనే ఉన్న నన్ను వాళ్ళు ఎంతో గౌరవంగా చూసేవాళ్ళు. మూగజీవాల మీద అంత ప్రేమ ఈ కాలం పిల్లల్లో ఎక్కడిది అనేవాళ్ళు. నేను తల వంచుకునేదాన్ని. అంత మంచి పేరు నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా రాలేదు. దాన్ని పాడుచేసుకోవడానికి మనసొప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఒక మిరప కోతల కాలంలో, కొత్త ఫోను పట్టుకుని ఊరు వెళ్ళాను. పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతికి కర్ర వచ్చింది. ఫోను చాచి ఆయన్ని తీస్తుంటే ఆసక్తిగా చూశాడు.

"ఏమ్మా, దీనికి కన్ను ఆనించక్కర్లేదా?"

"అక్కర్లేదు పెదనాన్నా, దూరంగా పట్టుకుని చూసుకోవడమే."

"అయితే దీంతో ఏడుపు రాదన్నమాట."

నేను ఫోను దించాను. ఆయన మొహంలో నవ్వు కనపడకుండా మీసం సర్దుకుంటున్నాడు.

"నీకు తెలుసా?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి మిరపకాయల్లో ఉన్నా. కంట్లో కారం పడ్డ మొహం నాకు తెలియదంటావా? మైకులో తమ్ముడి కూతురనగానే నీ వైపు చూశా. చున్నీతో తుడుచుకుంటన్నావు, ఎగిరి గంతేస్తన్నావు. దుఃఖపడేవాళ్ళు ఎగరరమ్మా."

"మరి ఇన్నాళ్ళూ అందరికీ అట్లా చెప్పావేంటి పెదనాన్నా?"

ఆయన కాసేపు ఎడ్లు లేని కొట్టం వైపు చూశాడు. ఇప్పుడక్కడ అన్నయ్య రెండో ట్రాక్టర్ ఉంది.

"ఆ రోజు మనింట్లోంచి ఎవరో ఒకళ్ళు ఏడవాలి గదమ్మా. నేను ఏడిస్తే దొరగాడు లాగేవాడు కాదు."

లోపలికి వెళ్ళి హాల్లో ఆ ఫోటో ముందు నిలబడ్డాను. పెదనాన్న కళ్ళు అంత పెద్దవిగా ఎందుకున్నాయో, అది కంగారు కాదని, తన బదులు ఏడుస్తున్న నన్ను చూసి ఆయన ఎంత తేలికపడ్డాడో, అన్నేళ్ళ తర్వాత నాకు మొదటిసారి కనిపించింది.

ఇప్పటికీ ఎవరైనా కెమెరా గురించి సలహా అడిగితే సెన్సరు గురించీ జూమ్ గురించీ చెప్పగలను, అలవాటు ఎక్కడికి పోతుంది. మధ్యలో మాత్రం ట్రాలీ మీద ఎర్ర చున్నీతో గంతులేస్తున్న ఆ అన్నీ తెలిసిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ షాపులోని సూపర్‌జూమ్ కొనుంటే దానికి తెర ఉండేది, నా కళ్ళు చల్లగా ఉండేవి, ఆవు ఫోటో ఒకటి బాగా వచ్చేది. ఇంకేమీ ఉండేది కాదు. ఆ ఆరు పళ్ళ కెమెరా ఇప్పుడు పని చేయదు, బీరువాలో ఉంది. ఇది రాయడానికి ముందు దాన్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, ఒకసారి కన్ను ఆనించి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చున్నీ మాత్రం ఉతికిందే.